మా బావ ఆరోగ్యపిచ్చి

మా బావకి ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా ఆరోగ్యపిచ్చి. ఈ మాట నేను కల్పించింది కాదు, ఆయన పనిచేసిన భవనంలో అన్ని అంతస్తుల వాళ్ళూ కలిసి పెట్టిన పేరు. కొందరు దాన్ని ఇంకాస్త కుదించి 'ఆరోగ్యం' అని పిలిచేవాళ్ళు. "ఆరోగ్యం ఎక్కడికి పోయింది?" అని ఒకరంటే, "భోజనానికి పోయింది, ఇప్పుడే తిరిగొస్తుంది" అని ఇంకొకరు అందుకునేవాళ్ళు. బావ కోప్పడేవాడు కాదు. "పిలవనీ, రోజుకోసారైనా ఆ మాట నోట్లో ఆడుతుంది" అనేవాడు.

ఆయన లిఫ్టు నడిపేవాడు. ఇనుప కటకటాల తలుపు గలగలా లాగి మూసి, ఇత్తడి పిడి తిప్పితే గానీ కదలని పాతకాలపు లిఫ్టు అది. ఒక మూల ఎత్తు స్టూలు ఉండేది. పై అంతస్తుల్లో లాయర్ల ఆఫీసులు, ఒక పళ్ళ డాక్టరు, కుట్టుపని నేర్పే స్కూలు. కింద వీధి వైపు మా అక్క బేకరీ. అక్క నాకంటే చాలా పెద్దది. అమ్మ పోయాక నన్ను తన దగ్గరే ఉంచుకుని పెంచింది. కాబట్టి వాళ్ళ కాపురంలో ఏ గిన్నె ఎందుకు చప్పుడైందో నాకు తెలుసు.

పెళ్ళయిన కొత్తల్లో బావ ఇలా ఉండేవాడు కాదు. బొద్దుగా, మెత్తగా, దిండులా ఉండేవాడు. బేకరీలో మాడిన బిస్కెట్లు, విరిగిన కేకు ముక్కలు, అంచు చెడిన బన్నులు, అమ్మకానికి పనికిరానివన్నీ ఆయన జేబుల్లోకి చేరేవి. స్టూలు మీద కూర్చుని ఒక చేత్తో పిడి తిప్పుతూ, ఇంకో చేత్తో నములుతూ పైకీ కిందికీ తిరిగేవాడు. ఖాళీ దొరికితే వెనక సందులోకి వెళ్ళి సిగరెట్టు. "మీరెక్కితే లిఫ్టులో ఇంకొకరికి చోటుండదు" అని అక్కే నవ్వేది.

వాళ్ళ పాప అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న రోజుల్లో ఒక ఉదయం లిఫ్టు మొరాయించింది. పళ్ళ డాక్టరుగారికి వచ్చిన పెట్టె ఒకటి పైకి చేర్చాల్సి వచ్చింది. అదేమంత బరువైనదీ కాదు. మూడో అంతస్తు మలుపులో బావ కళ్ళు చీకట్లు కమ్మాయి. పెట్టెతో సహా మెట్టు మీద కూలబడ్డాడు. ఊపిరి పైకి రాదు, మాట బయటికి రాదు. అదే సమయానికి మెట్లు తుడిచే ముసలమ్మ బకెట్టు పట్టుకుని పైకి వస్తోంది. ఆగి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఏం నాయనా, లిఫ్టు తిప్పీ తిప్పీ కాళ్ళున్న సంగతే మర్చిపోయావా?"

ఆ మాటకి కాదు బావ సిగ్గుపడింది. ఆవిడ బకెట్టు అక్కడే పెట్టి, ఆయన ఒళ్ళోని పెట్టె తీసుకుని చంకన పెట్టుకుని, చీపురు పట్టుకున్నంత తేలిగ్గా పైకి వెళ్ళిపోయింది. దానికి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బావ ఏమీ తినలేదు. గోడ పట్టుకుని తప్పటడుగులు వేస్తున్న పాపనే చూస్తూ కూర్చున్నాడు. చివరికి అక్కతో అన్నాడు. "రేపు ఇది స్కూలు గేటు దగ్గర్నుంచి నాన్నా అని పరిగెత్తుకొస్తే, నేను ఎదురు పరిగెత్తలేనే."

మర్నాడు లిఫ్టులో స్టూలు లేదు. ముసలమ్మ గుడ్డలు పిండుకునే చోట వేసి, "నువ్వు కూర్చో పెద్దమ్మా, నేను నిలబడతా" అన్నాడట. సిగరెట్టు ఆ రోజే మానాడు. చక్కెర ఆ వారంలోనే పోయింది. పిచ్చి అక్కడ ఆగి ఉంటే దాన్ని పిచ్చి అనేవాళ్ళే కాదు.

ఆ తర్వాత ఇంట్లో మా బతుకు ఎలా ఉండేదో చెబితే నమ్మరు. పొద్దున లేవగానే అందరం వరసగా నిలబడి నాలుకలు చాపాలి. బావ కిటికీ దగ్గరి వెలుతురులోకి మమ్మల్ని తిప్పి చూసి, "నీది తెల్లగా ఉంది, నీళ్ళు తాగడం లేదు" అని తీర్పు చెప్పేవాడు. చలికాలంలోనూ కిటికీలు బార్లా తెరిచి పడుకోవాలి. ముద్ద నోట్లో పెట్టుకుని మింగేలోపు ఒక పాట పాడుకోవచ్చు, అంతసేపు నమలాలి. మోకాళ్ళకి మంచిదని ఎక్కడో చదివి, పార్కు చుట్టూ వెనక్కి నడిచేవాడు. ఒకసారి అలాగే నడుస్తూ బెంచీ మీద కబుర్లాడుకుంటున్న ముసలివాళ్ళలో ఒకాయన ఒళ్ళో కూర్చున్నాడు. క్షమాపణ చెప్పి ఊరుకోకుండా, "మీరు కూర్చునే తీరు బాగోలేదండీ, నడుం నిటారుగా పెట్టాలి" అని సలహా ఇచ్చి మరీ లేచాడు. నా పెళ్ళి విందుకి ఉడకబెట్టిన కూరగాయల డబ్బా చేత్తో పట్టుకొచ్చాడు. మా అత్తగారు చాలాకాలం ఆ డబ్బా గురించే మాట్లాడింది.

ఇక లిఫ్టులో సరేసరి.

"ఎన్నో అంతస్తండీ?"

"రెండు."

"రెండుకి లిఫ్టెందుకండీ? చక్కగా కాళ్ళున్నాయి. ఎక్కండి, మీకంటే ముందు నేను చేరితే అడగండి."

కొందరు నవ్వి మెట్లెక్కేవాళ్ళు. కొందరు మండిపడేవాళ్ళు. ఆరో అంతస్తులో ఒక లాయరుగారు ఉండేవారు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. ఆయన ఒకరోజు నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశారు. మేనేజరు బావని పిలిపించి అడిగాడు.

"నిన్ను పెట్టుకున్నది లిఫ్టు నడపడానికా, లిఫ్టు మాన్పించడానికా?"

"రెండూ చేస్తే తప్పేంటి సార్? లిఫ్టూ అరగదు, మనుషులూ పాడవరు."

ఉద్యోగం ఊడినంత పనైంది. ఇకమీదట నోరెత్తనని మాటిచ్చి బయటపడ్డాడు. నోరెత్తలేదు గానీ చేతులు ఊరుకోలేదు. భోజనానికి ఇచ్చిన వేళలో మెట్ల దారి పట్టుకున్నాడు. ఎప్పుడో రంగు పూసేటప్పుడు బిగుసుకుపోయిన కిటికీలని గీకి తెరిచాడు. కాలిపోయిన బల్బులు మార్చాడు. ఊగిపోతున్న చేతి కమ్మీని బిగించాడు. అంతకుముందు చీకటి గుహలా ఉండే ఆ దారిలోకి గాలి వచ్చింది, ఎండ వచ్చింది. కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలు ఎవరూ చెప్పకుండానే మెట్ల మీదుగా కబుర్లు చెప్పుకుంటూ ఎక్కడం మొదలుపెట్టారు.

ఆ మధ్యలోనే లాయరుగారికి గుండెపోటు వచ్చింది. చాలా నెలల తర్వాత ఆఫీసుకి తిరిగొచ్చారు. గొంతు సగమైంది. నాలుగు అడుగులు వేసి ఛాతీ మీద చెయ్యి పెట్టుకునేవారు. డాక్టరు మెల్లగా మెట్లెక్కడం అలవాటు చేసుకోమన్నాడట, ఈయనకి మెట్టు చూస్తేనే వణుకు. ఆ సంగతి ఆయనే ఒకరోజు లిఫ్టులో, ఎటో చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. ఆయన తనమీద ఫిర్యాదు చేసిన మనిషని బావకి గుర్తుందో లేదో గానీ, ఆ సాయంత్రం డ్యూటీ దిగాక మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"రండి సార్. మొదటి అంతస్తు దాకా. అంతే. పక్కనే ఉంటా."

అలా మొదలైంది. కొన్నాళ్ళు మొదటి అంతస్తు, ఆ తర్వాత రెండు. బావ మాట్లాడనిచ్చేవాడు కాదు, ఊపిరి చూసుకోమనేవాడు. ఒకరోజు మలుపులో ఆగి రొప్పుతూ లాయరుగారు, "నువ్వు నిజంగా పిచ్చోడివయ్యా" అన్నారు. "అవును సార్. గోడకి ఆనుకోకండి, నిటారుగా నిలబడండి" అన్నాడు బావ. ఆరో అంతస్తు చేరిన రోజున లాయరుగారు తన గది ముందు నిలబడి కళ్ళు తుడుచుకోవడం కుట్టుపని అమ్మాయిలు చూశారు. ఆ తర్వాత ఆ భవనంలో 'ఆరోగ్యం' అనే పిలుపులో వెటకారం తగ్గింది. పిలుపు మాత్రం పోలేదు.

ఇన్ని మంచి మాటలు చెప్పి ఇంట్లో జరిగింది దాచడం న్యాయం కాదు. పరాయివాళ్ళ దగ్గర అంత ఓపికగా ఉన్న మనిషి ఇంట్లో ఆ ఓపిక ఎక్కడో మర్చిపోయేవాడు. పాప పుట్టినరోజుకి అక్క చేయబోయిన కేకు వద్దని, పుచ్చకాయ కోసి దానిమీద కొవ్వొత్తి గుచ్చాడు. స్నేహితురాళ్ళంతా చూస్తుండగా ఆ పిల్ల ఏడ్చుకుంటూ లోపలికి పరిగెత్తింది. అక్క ఆ రోజు ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఆ తర్వాత వచ్చింది.

కుట్టుపని నేర్పే టీచరమ్మ ఒక మధ్యాహ్నం అక్క దగ్గర కేకు కొని, డబ్బా పట్టుకుని లిఫ్టెక్కింది. బావ ఆ డబ్బా వంక చూసి అలవాటుగా అన్నాడు. "విషమండీ అది. తెల్లగా, అందంగా ఉంటుంది గానీ."

ఆవిడ తిరుగు దారిలో బేకరీ దగ్గర ఆగి, నవ్వుతూ ఆ మాట అక్కకి చెప్పేసింది. అక్కా ఆవిడతో పాటు నవ్వింది. బేకరీ మూసేదాకా నవ్వు మొహంతోనే ఉంది. ఇంటికొచ్చాక, పిండి మరకలున్న తన ఏప్రన్ విప్పి, భోజనం ముందు కూర్చున్న బావ కంచం పక్కన పెట్టింది.

"ఇది మీ లాయరుగారికి చూపించండి. మా ఆవిడ జనానికి విషం పెడుతోందని కేసు వెయ్యమనండి."

"నేనన్నది చక్కెర గురించే..."

"చక్కెర గురించి కాదు. నా గురించి. తెల్లారకముందే లేచి పిండి పిసికి, ఆ పొయ్యి ముందు కాలి, రోజంతా నిలబడి చేస్తే విషమా? కేకు కొనుక్కెళ్ళే మనిషి కడుపు నింపుకోవడానికి కొనదండీ. ఇంట్లో వాళ్ళ మొహాలు చూసుకోవడానికి కొంటుంది. మీరు అందరి నాలుకలూ చూస్తారు. ఒక్కరి మొహమైనా చూశారా?"

బావ నోట్లో ముద్ద నమలడం మర్చిపోయి కూర్చున్నాడు.

మర్నాడు అక్కతో పాటు నేను బేకరీకి వెళ్ళేసరికి, దించి ఉన్న షట్టరు ముందు బావ కూర్చుని ఉన్నాడు. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు.

"పిండి నేను పిసుకుతా" అన్నాడు.

"ఎందుకు?" అంది అక్క, మొహం బిగించుకునే.

బావ నేల చూస్తూ, "భుజాలకి మంచిది" అన్నాడు.

అంతకుమించిన క్షమాపణ ఆయనకి చేతకాదని మా ఇద్దరికీ తెలుసు. అక్క నవ్వు దాచుకోవడానికి అటు తిరిగి తాళం తీసింది. ఆ రోజు పిండి బావ మోచేతుల దాకా పట్టుకుని వదల్లేదు. ఆయన చేసిన రొట్టె గోడ కట్టడానికి బాగుండేది. కానీ మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. లిఫ్టు డ్యూటీ మొదలయ్యేలోపు బేకరీలో ఆయన వంతు పని అయిపోయేది.

అక్కడ నిలబడితే గానీ ఆయనకి అర్థం కాలేదు, ఆ పని ఏమిటో. పిండి దుమ్ము ముక్కులోకి ఎలా పోతుందో, పొయ్యి వేడి మొహాన్ని ఎలా కాలుస్తుందో, నిలబడి నిలబడి పిక్కలు ఎలా గట్టిపడతాయో. ఇక ఆయన పిచ్చి మొత్తం అటు తిరిగింది. వెనక గోడకి గాలి లాగే ఫ్యాను పెట్టించాడు. అక్క నిలబడే చోట మెత్తటి చాప పరిచాడు. పిండి జల్లించేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోకపోతే జల్లెడ చేతికి ఇచ్చేవాడు కాదు. అక్క విసుక్కునేది, "బందిపోటులా కనిపిస్తున్నాను, ఎవరైనా పోలీసుల్ని పిలుస్తారు" అనేది. కట్టుకునేది. లిఫ్టులో ఎవరి చేతిలోనైనా కేకు డబ్బా కనిపిస్తే బావ ఇప్పుడు, "మా ఆవిడ చేసింది. నిదానంగా తినండి" అనేవాడు. తను మాత్రం ముట్టేవాడు కాదు. అక్క ఎప్పుడూ తినమని అడగలేదు. ఎవరి పట్టుదల వాళ్ళది. కాపురం నడిచిపోయింది.

పాప పెద్దదై, ఉద్యోగంలో చేరిన తర్వాత ఒక చలికాలం అక్కకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆసుపత్రిలో చాలా రోజులు ఉండాల్సి వచ్చింది. గండం గడిచి ఇంటికైతే వచ్చింది గానీ, తిండి మీద ఇష్టం పూర్తిగా పోయింది. ఏది పెట్టినా మట్టిలా ఉందనేది. బేకరీ మూతపడింది. బావ లిఫ్టుకి సెలవు పెట్టి, తనకి తెలిసిన విద్య అంతా అక్క మంచం చుట్టూ పెట్టాడు. కూరగాయల సూపులు, పళ్ళ రసాలు, మెత్తగా ఉడికించిన పప్పులు. ఎండ పడేలా మంచం జరిపాడు. ఊపిరి కసరత్తులు దగ్గరుండి చేయించాడు. అక్క అన్నీ చేసేది, చెంచా నోటి దాకా రాగానే గోడ వైపు తిరిగేది.

"ఆకలి లేదండీ. రేపు తింటా."

ఆ రేపు రాలేదు. చూస్తుండగానే చేతి గాజులు మోచేతి దాకా జారిపోయాయి. డాక్టరు వచ్చి చూసి, "ఏది తింటే అది పెట్టండి. ఇప్పుడు పథ్యాలు చూసుకునే సమయం కాదు" అని చెప్పి వెళ్ళాడు. బావ గుమ్మం దాకా సాగనంపి తిరిగొచ్చి, నాతో గుసగుసగా, "ఏదైనా అంటాడేమిటి? అసలు డాక్టరేనా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. భయం ఉంది.

ఆ మధ్యాహ్నం అక్క కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను. "ఏం తినాలనుందే? నాకు చెప్పు. బావకి చెప్పన్లే."

అక్క కళ్ళు మూసుకునే అంది. "ఏమీ వద్దే. ఆ పొయ్యి వాసన ఒక్కసారి వస్తే బాగుండు."

కర్టెను అవతల గ్లాసు పెట్టిన చప్పుడైంది. బావ విన్నాడు.

మర్నాడు పొద్దున్నే, అక్క పక్కన వాళ్ళమ్మాయిని కూర్చోబెట్టి, నన్ను వెంటబెట్టుకుని బేకరీకి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో పిండి పిసకడం తప్ప కేకు జోలికి పోలేదు. పొయ్యి వెలిగించి, బేసిను ముందు పెట్టుకుని అడిగాడు.

"వెన్న ఎంత వెయ్యాలి?"

"నీ మనసు ఒప్పుకున్నంత కాదు బావా, అక్క వేసేటంత."

నేను చూపించాను. ఆయన మొహం చూడలేకపోయాను. ఇంట్లో కిరసనాయిలు చల్లమంటే ఎలా ఉంటుందో అలా ఉంది. అయినా ఒక్క చెంచా తగ్గించలేదు. చక్కెర పోశాడు, గుడ్లు కొట్టాడు, చెయ్యి నొప్పెట్టేదాకా గిలక్కొట్టాడు. పొయ్యిలో పెట్టాక బెంచీ మీద కూర్చుని, చేతులకంటిన వెన్న చూసుకుంటూ, "మీ అక్క లేకపోతే నేను ఎంత ఆరోగ్యంగా ఉండి ఏం చేసుకోను?" అన్నాడు. అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. నేను లేచి బేసిను కడిగాను.

కేకు మధ్యలో గుంటపడింది. దాన్నే వేడి తగ్గకుండా గుడ్డలో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, వీధంతా పసిపిల్లని ఎత్తుకున్నట్టు నడిచాడు. గదిలోకి రాగానే అక్క ముక్కు కదిలింది. కళ్ళు తెరిచింది. కేకుని చూసింది, బావని చూసింది, జుట్టులో అంటిన పిండిని చూసింది.

"ఎవరు చేశారు?"

"నేనే."

"అయితే ముందు మీరు తినండి."

బావ నిలబడిన చోటే ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, తన పద్ధతి ప్రకారం చాలాసేపు నమిలాడు. మింగేసరికి కళ్ళలో నీళ్ళు.

"ఎలా ఉంది?" అంది అక్క.

"ఇంత బాగుంటుందని గుర్తే లేదే."

అక్క చెయ్యి చాపింది. చిన్న ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు సగం మూసి, పని నేర్చిన మనిషి రుచి చూసే తీరులో చూసింది. ఆ తర్వాత చాలా రోజులుగా వినని గొంతుతో అంది. "ఉప్పు వెయ్యలేదు."

"కేకులో ఉప్పా?"

"చిటికెడు. లేకపోతే తీపి తీపిలా ఉండదు. పొయ్యి తలుపు మధ్యలో తీశారా?"

"ఎలా పొంగుతోందో చూద్దామని ఒక్కసారి..."

"చూడకూడదు. అందుకే కూలింది." అంటూ ఇంకో ముక్క తీసుకుంది.

కేకు తిని మనిషి బాగుపడిందని నేను చెప్పను. మందులున్నాయి, బావ చేయించిన ఊపిరి కసరత్తులున్నాయి, అక్క మొండితనం ఉంది. కానీ తిండి మొదలైంది ఆ రోజే. ఆ పూట సాయంత్రం సూపు కూడా తాగింది, "ఇందులో అయితే ఉప్పు ఎక్కువైంది" అని వంక పెట్టి మరీ. కొన్నాళ్ళకి స్వెట్టరు వేసుకుని, బేకరీలో కుర్చీ వేయించుకుని కూర్చుని, బావకి కేకు నేర్పడం మొదలుపెట్టింది. ఆయనకి ఒక ముక్క తినే రోజు వారానికోటి ఏర్పడింది. ఆ రోజు పార్కు చుట్టూ ఒక చుట్టు ఎక్కువ తిరుగుతాడు.

తర్వాత ఆ భవనంలో బటన్లు నొక్కితే నడిచే కొత్త లిఫ్టు వచ్చింది, బావ ఉద్యోగం పోయింది. పెద్దగా బాధపడలేదు. బేకరీలోనే ఉండిపోయాడు. ముడిగోధుమ పిండితో ఆయన చేసే రొట్టె కోసం ఇప్పుడు పక్క వీధుల నుంచి కూడా వస్తారు. కేకులు అక్కవి, రొట్టెలు బావవి, వాదనలు ఇద్దరివీ.

ఈ మధ్య బావ ఈత నేర్చుకుంటున్నాడు. కీళ్ళకి అంతకంటే మంచిది లేదట. నీళ్ళంటే చిన్నప్పటి నుంచి ఆయనకి ప్రాణభయం. పోయిన ఆదివారం నేనూ ఈతకొలనుకి వెళ్ళాను. అక్క తువ్వాలు భుజాన వేసుకుని గట్టు మీద కూర్చుంది. నేర్పే అమ్మాయి మనవరాలి వయసుది. "కాళ్ళు కొట్టండి తాతగారూ, కాళ్ళు!" అని అరుస్తోంది. బావ గట్టు పక్క కమ్మీ వదిలాడు, మునిగాడు, ఉక్కిరిబిక్కిరవుతూ తేలాడు.

"చాలు, బయటికి రండి" అంది అక్క.

"ఇంకొక్కసారి" అని ఊపిరి బిగబట్టి మళ్ళీ కమ్మీ వదిలాడు. ఈసారి మునగలేదు. కాళ్ళు ఎంత జోరుగా కొట్టాడంటే, గట్టు మీదున్న మేమిద్దరం నిలువునా తడిసిపోయాం.